బయటివైపు గడియ

గడియ అన్నది తలుపుకు లోపలివైపు ఉండాలి. లోపలున్న మనిషి తనకు కావలసినప్పుడు వేసుకుంటాడు, వద్దనుకున్నప్పుడు తీసుకుంటాడు. ఊరెళ్ళేటప్పుడు వీధి తలుపుకు బయట తాళం కప్ప వేస్తారు, అది వేరే సంగతి. ఇంట్లో, నడవ చివర, ఒక పడకగదికి బయటివైపు గడియ బిగించమని ఎవరైనా వచ్చి అడిగితే దాని అర్థం ఏమిటో తాళాలాయనకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. తెలుసు కాబట్టే అతను అడిగేవాడు కాదు.

తాళాలాయన కొట్టు బస్సులు ఆగే చోట, మందుల షాపు గోడకు ఆనుకుని ఉన్న రేకుల గూడు. మనిషి లోపల నిలబడితే మోచేతులు రెండు వైపులా తగులుతాయి. గోడ నిండా మేకులు, మేకుల నిండా చెక్కని తాళంచెవులు. ముప్ఫై ఏళ్ళుగా అక్కడే. అతని తండ్రీ అక్కడే. తండ్రి పోతూ రెండు ముక్కలు చెప్పి పోయాడు. "బేరానికొచ్చినవాడి మొహం చూడు, చెయ్యి చూడు. తలుపు వెనకేముందని మాత్రం అడక్కు."

బయటి గడియలకు తాళాలాయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. నాలుగు స్క్రూలూ బిగించాక ఆకురాయితో వాటి తలలు నున్నగా అరగదీసేసేవాడు. స్క్రూడ్రైవర్ పెట్టడానికి గాడి మిగలదు, వేలితో తడిమితే స్క్రూ ఎక్కడుందో తెలియదు. "ఇక దీన్ని నేను కూడా విప్పలేనండీ," అని గొప్పగా చెప్పేవాడు. ఇంటివాళ్ళు తలలూపేవాళ్ళు. పనితనం అంటే పనితనమే మరి. సిగ్గుపడాల్సిన పనిని కూడా మనిషి ఎంత శ్రద్ధగా చేస్తాడో చూడండి. అలాంటి గడియలు ఆ చుట్టుపక్కల పద్నాలుగు బిగించాడు. అందులో ఒకటి తన ఇంట్లోనే.

అది తమ్ముడి గదికి. చిన్నోడు అని పిలిచేవాళ్ళు. పని విషయంలో అన్నను మించినవాడు. తాళాన్ని చెవి దగ్గర పెట్టుకుని తీగ తిప్పితే చాలు, లోపల ఎక్కడ పట్టిందో చెప్పేవాడు. ఇరవై ఏడో ఏట ఆ చెవికే వేరే మాటలు వినపడటం మొదలైంది. కొట్టుకు రాని బేరగాళ్ళతో వాదులాట. ఎవరో చొరబడతారని చెక్కిన తాళంచెవులన్నీ తీసుకెళ్ళి కాలవలో పారేశాడు. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు, మందులిచ్చారు. మందులేస్తే పొద్దస్తమానం మగతగా పడి ఉంటున్నాడని నాలుగు నెలలకు ఆపేశారు. ఆపగానే మళ్ళీ మొదలు. చెప్పకుండా మందులు ఆపేసి మళ్ళీ ఆ డాక్టరు ముందుకు వెళ్ళడానికి వీళ్ళకు మొహం చెల్లలేదు. అలా ఏళ్ళు దొర్లాయి. ఆ ఇంటికి పిల్లనెవరిస్తారు, అన్నకు కూడా పెళ్ళి కాలేదు.

ఒకరోజు అడ్డం వచ్చిన తల్లిని చిన్నోడు మెట్ల మీద తోసేశాడు. ఆమె కుడి చెయ్యి విరిగింది. ఆ వారమే అన్న గడియ బిగించాడు, స్క్రూలు అరగదీశాడు. తల్లి ఎడమ చేతిని తన నెత్తి మీద పెట్టించుకుని ఒట్టు వేయించుకున్నాడు. "నేను ఇంట్లో లేనప్పుడు వాడు ఏమన్నా సరే, ఎంత బతిమాలినా సరే, గడియ తియ్యనని చెప్పు." ఆమె చెప్పింది.

ఐదేళ్ళు గడిచాయి. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి అన్న తలుపు తీసి స్నానం చేయించేవాడు, తినిపించేవాడు, గడ్డం గీసేవాడు. ప్రేమ లేదనడానికి వీల్లేదు. ఉంది. గడియ కూడా ఉంది.

ఆ రోజు తల్లికి కంటి ఆసుపత్రిలో చూపించుకునే రోజు. పొద్దున్నే వెళ్ళింది. తాళాలాయన ఆరున్నరకు ఇంటికొచ్చి గడియ తీస్తే చిన్నోడు మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని, తలుపు వైపు తిరిగి, చల్లబడిపోయి ఉన్నాడు. పావుగంటకు తల్లి మెట్లెక్కి వచ్చింది. వచ్చిన డాక్టరు పొట్ట నొక్కి చూసి, లోపల పేగు పగిలినట్టుందన్నాడు. పొద్దున తెచ్చి ఉంటే బతికేవాడన్నాడు. ఆ మాట అన్నకు ఒక్కడికే చెప్పాడు.

మూడో రోజు మెట్ల కింద బట్టలు ఇస్త్రీ చేసే ఆమె అతన్ని పక్కకు పిలిచింది. "మధ్యాహ్నమంతా పిలిచాడన్నా. కడుపు, కడుపు అన్నాడు. రోజూ అరిచేదేగా అనుకున్నాం. వీధిలో అందరం అదే అనుకున్నాం," అంది. ఇస్త్రీపెట్టె కింద పెట్టి ఏడ్చింది. అతను ఆమెను ఏమంటాడు? పిచ్చివాడికి కడుపునొప్పి కూడా వస్తుందని ఎవరికీ తట్టలేదు. తనకైనా తట్టేదా?

తల్లికి మాత్రం, "నిద్రలోనే పోయాడమ్మా, గుండె ఆగింది," అని చెప్పాడు. ఆమె సరేనంది. ఆరేళ్ళుగా ఆ అబద్ధాన్ని అతను మూట కట్టి గుండెల మీద పెట్టుకుని తిరుగుతున్నాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. తాళాలాయన పట్టుకున్నది నూనె డబ్బా. కుట్టుమిషన్‌కు వాడే ముక్కు పొడుగు డబ్బా ఒకటి సంచిలో వేసుకుని, తాను గడియలు పెట్టిన ఇళ్ళకు బయల్దేరాడు. ఊరికే పోయి మీ పిల్లాణ్ణి బయటికి వదలండి అంటే చెప్పు తీసుకుంటారు. అందుకని, "నేను బిగించిన గడియండీ, ఆర్నెల్లకోసారి నూనె పడకపోతే తుప్పు పడుతుంది. డబ్బులేం వద్దు," అనేవాడు. ఊరికే వచ్చే నూనెను ఎవరు కాదంటారు? నడవ చివరిదాకా పోనిచ్చేవాళ్ళు. నూనె వేస్తూ వేస్తూ లోపలికి ఒక్క ప్రశ్న అడిగేవాడు. "ఒంట్లో ఎక్కడైనా నొప్పిగా ఉందా?" మనసు సంగతి అతనికి తెలియదు, అది నర్సమ్మకు తెలుసు. అతనికి తెలిసింది ఆ ఒక్క ప్రశ్నే.

నర్సమ్మ అంటే ఆరోగ్య కేంద్రంలో పనిచేసే నర్సు. అక్కడికి గురువారం గురువారం మనసు జబ్బుల డాక్టరమ్మ వస్తుంది. తాళాలాయన ఏ ఇంట్లో ఎవరున్నారో నర్సమ్మకు చెప్పేవాడు, ఆమె ఏదో టీకాల వంకతో ఆ ఇంటికి వెళ్ళేది. "మనిద్దరం కలిసి అబద్ధాల కంపెనీ పెట్టాం అన్నయ్యా," అని నవ్వేది. ఆరేళ్ళలో పద్నాలుగు గడియల్లో నాలుగు ఊడాయి. అందులో ఒకటి మళ్ళీ బిగిసింది, వేరే మేస్త్రీతో. రెండిళ్ళవాళ్ళు ఊరు మారారు. ఇద్దరు గదుల్లోనే పోయారు. ఒకాయన నూనె డబ్బా లాక్కుని తాళాలాయన మొహం మీదే చిమ్మాడు. ఇది గొప్పలు చెప్పుకునే లెక్క కాదు.

మాస్టారిల్లు ఆ పద్నాలుగులో చివరిది. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, నిప్పులాంటివాడని పేరు. ఏడేళ్ళ కింద, చిన్నోడు ఇంకా బతికుండగా, కూతురి గదికి గడియ పెట్టించుకున్నాడు. అప్పుడా అమ్మాయికి ఇరవై రెండు. వీధిలో మాత్రం, అమ్మాయి వేరే ఊళ్ళో బ్యాంకులో చేస్తోందని చెప్పేవాడు. ప్రమోషన్ కూడా ఇప్పించాడు ఒకసారి. తాళాలాయన నూనెకు వెళితే గుమ్మంలోనే ఆపి, డబ్బా అందుకుని, తనే లోపలికెళ్ళి వేసుకుని తిరిగిచ్చేవాడు. పన్నెండుసార్లు వెళ్ళినా ఆ నడవ చివరకు పోనివ్వలేదు. తన ప్రశ్న ఆ తలుపు దగ్గర అడగలేకపోయానన్న దిగులు తాళాలాయనను తొలుస్తూనే ఉండేది.

ఒక గురువారం నాలుగు గంటలకు ఆరోగ్య కేంద్రం మేడ మీద నర్సమ్మ ఒక మీటింగు పెట్టించింది. ఇంట్లో మనసు బాగాలేనివాళ్ళు ఉంటే వచ్చి డాక్టరమ్మను ఏదైనా అడగొచ్చు, పేర్లు రాసుకోం అని గోడలకు కాగితాలు అంటించింది. ముప్ఫై ప్లాస్టిక్ కుర్చీలు వేస్తే ముప్ఫై నిండాయి. తాళాలాయన తల్లిని కూడా వెంటబెట్టుకొచ్చాడు. చూపు సరిగా ఆనని ముసలామె, ఇంట్లో ఒక్కతే ఉండటమెందుకని.

ఒకాయన లేచి, మా పక్కింటి కుర్రాడు రాత్రీపగలూ నిద్రపోడండీ అన్నాడు. ఒకావిడ, మా పక్కింటి కోడలు గోడతో మాట్లాడుతుందండీ అంది. ఇంకొకాయన, నా స్నేహితుడి పక్కింట్లో అని ఇంకో మెట్టు దూరం జరిగాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటారని సామెత. వీళ్ళు భుజం మీద కాయ ఉన్నా పక్కవాడిదే అనేట్టున్నారు. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఇంతమంది పక్కింటివాళ్ళే వచ్చారు. ఒక్క ఇంటివాళ్ళు కూడా రాలేదు," అంది. కొందరు నవ్వారు. నవ్వినవాళ్ళు వెంటనే తలలు దించుకున్నారు.

అప్పుడు వెనక వరుసలోంచి మాస్టారు లేచాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను.

"మా పక్కింటి అమ్మాయి నాలుగు రోజులుగా ఏమీ తినడం లేదు. కడుపు పట్టుకుని అరుస్తోంది. అది కూడా ఆ జబ్బులో భాగమేనాండీ?"

"కాకపోవచ్చు," అంది డాక్టరమ్మ. "ఇవాళే ఆసుపత్రికి తీసుకెళ్ళమనండి. ఇప్పుడే."

"చెప్తాను వాళ్ళకి," అని మాస్టారు కూర్చోకుండానే బయటికి నడిచాడు.

తాళాలాయన లేచాడు. నర్సమ్మ చెవిలో ఒక ముక్క చెప్పి, ఆసుపత్రి బండి పిలిచి మాస్టారింటికి పంపమని, తల్లి చెయ్యి పట్టుకుని మెట్లు దిగాడు. ఆమెను ఇంటి దగ్గర దింపి వెళ్ళేంత టైము లేదు. రెండు వీధులు. ముసలామె ఆయాసపడుతూనే, ఎక్కడికని అడగకుండా వచ్చింది.

తలుపు మాస్టారే తీశాడు. "నువ్వా. మొన్ననేగా నూనెకొచ్చి వెళ్ళావు."

"మాస్టారూ, పాపకి ఎలా ఉంది?"

"ఏ పాప? మా అమ్మాయి ఇక్కడ లేదని నీకు తెలుసుగా."

"ఆ గడియ పెట్టింది నేను మాస్టారూ."

మాస్టారు వీధి అటూఇటూ చూసి ఇద్దర్నీ లోపలికి లాగి తలుపేశాడు. ముసలామెను కుర్చీలో కూర్చోబెట్టాడు. మర్యాద మర్యాదే. వంటింటి గుమ్మంలో మాస్టారి భార్య తడి చేతులతో నిలబడి ఉంది. నడవ చివర గది నుంచి ఏ చప్పుడూ లేదు.

"కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందయ్యా," అన్నాడు మాస్టారు గొంతు తగ్గించి. "పోయినసారి తలుపు తీస్తే ఒంటి మీద బట్టల్లేకుండా వీధిలోకి పరిగెత్తింది. నా దగ్గర చదువుకున్న పిల్లలు చూశారు. నేను మళ్ళీ ఆ వీధిలో నడవడానికి ఏడాది పట్టింది. నిన్నంతా అరిచింది. మధ్యాహ్నం నుంచి తగ్గింది. పడుకున్నట్టుంది. రేపు చూద్దాంలే."

తగ్గింది అన్న మాటకు తాళాలాయన నడవ చివరి తలుపు వైపు చూశాడు. పక్కన తల్లి ఉంది. ఆమె ముందు చెప్పకూడదని ఆరేళ్ళు కాచుకున్న మాట అది. చెప్పకపోతే ఆ గదిలో పిల్ల పోతుంది. చెబితే ఈ కుర్చీలో ముసలిది పోతుందేమో. అతను గోడకు ఆనుకున్నాడు.

"మా తమ్ముడు నిద్రలో పోలేదు మాస్టారూ. పేగు పగిలి పోయాడు. మధ్యాహ్నమంతా కడుపు కడుపని పిలిచాడు. వీధిలో అందరూ విన్నారు. నేను గడియేసి కొట్టుకు పోయాను. సాయంత్రానికి వాడూ తగ్గాడు. పడుకున్నాడనే అనుకుని ఉంటారు విన్నవాళ్ళు." తల్లి వైపు చూడకుండా అన్నాడు. "నీకు అబద్ధం చెప్పానమ్మా. క్షమించు."

మాస్టారు తల అడ్డంగా ఊపాడు. "మీ ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి అలా జరిగింది. ఇక్కడ మేమిద్దరం ఉన్నాం కదా. ఏమన్నా అయితే తెలియదా?"

అప్పుడు ముసలామె మాట్లాడింది. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, పక్కింటి కబురు చెప్పినంత మామూలుగా మాట్లాడింది.

"ఎవరూ లేకపోవడమేంటి నాయనా. నేనున్నాను."

తాళాలాయన తల తిప్పి చూశాడు.

"కంటి డాక్టరు ఆ రోజు రాలేదు. పన్నెండుకల్లా వచ్చేశాను. వాడు పిలుస్తున్నాడు. తలుపు బయట కూర్చున్నాను. అమ్మా, కడుపులో పొడుస్తోందే, ఒక్కసారి తియ్యవే అన్నాడు. తియ్యడానికని గడియ మీద చెయ్యి పెట్టాను. పెద్దోడి నెత్తి మీద ఒట్టేశాను కదా. విరిగిన చెయ్యి కూడా గుర్తొచ్చింది, అబద్ధమెందుకు, భయమేసింది. పెద్దోడు వస్తాడు, పెద్దోడు వచ్చాక తీస్తాడు అని చెప్తూ కూర్చున్నాను. నాలుగింటికి పిలవడం మానేశాడు." కొంగు వదిలేసింది. "హమ్మయ్య, పడుకున్నాడు అనుకున్నాను నాయనా. నిజంగా అలాగే అనుకున్నాను. వాణ్ణి లేపకూడదని చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగి, వీధి చివర అరుగు మీద కూర్చున్నాను. ఇస్త్రీ ఆమె చూసింది. వీడికి చెప్పొద్దని కాళ్ళు పట్టుకున్నాను."

మాస్టారు ఏదో అనబోయి జేబులో పెన్ను తడుముకున్నాడు. ఆ ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేక ఉండగానే, వంటింటి గుమ్మంలో ఉన్న మాస్టారి భార్య నడవ చివరకు నడిచింది. ఏడేళ్ళుగా భర్త మాటకు ఎదురు చెప్పని మనిషి. చెయ్యి చీరకు తుడుచుకుని గడియ లాగింది. ఆరేళ్ళుగా నూనె పడిన గడియ, కిర్రుమనకుండా వచ్చేసింది. తలుపు తెరుచుకున్నాక గానీ మాస్టారికి తెలియలేదు.

పిల్ల గోడ పక్కన ముడుచుకుని ఉంది. ఎముకల మీద చర్మం. తాళాలాయన గుమ్మం దగ్గరే కూర్చుని తన ప్రశ్న అడిగాడు. "ఎక్కడ నొప్పమ్మా?" పిల్ల కళ్ళు తెరిచింది. చెయ్యి ఎత్తలేక కళ్ళతోనే కడుపు వైపు చూపించింది.

బండి వచ్చింది. ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు. తెల్లారేదాకా ఆగి ఉంటే దక్కేది కాదన్నారు. పిల్ల దక్కింది. దక్కిందంటే బాగైందని కాదు. ఇప్పటికీ గొంతులు వినిపిస్తాయి, మందులు నడుస్తున్నాయి, గురువారాలు తల్లి వెంట ఆరోగ్య కేంద్రానికి వస్తుంది. ఎవరైనా అడిగితే అమ్మాయి బ్యాంకు నుంచి సెలవు మీద వచ్చిందని మాస్టారు చెప్తాడు. సరే, చెప్పనీ. తలుపు తీసి ఉంచుతున్నాడు, అది చాలు.

ఆపరేషన్ జరిగిన మర్నాడు పొద్దున తాళాలాయన కొట్టు తెరవలేదు. టీ గ్లాసు అతని ముందు పెట్టి తల్లి అడిగింది. "నా మీద కోపంగా ఉందా పెద్దోడా?"

"ఉంది," అన్నాడు. "నీ మీదా ఉంది. నా మీద ఇంకా ఎక్కువ ఉంది. ఒట్టు వేయించుకుంది నేను."

టీ తాగాడు. డ్రిల్లు తెచ్చి చిన్నోడి గది ముందు కూర్చున్నాడు. ఆరేళ్ళుగా ఆ గడియ అలాగే ఉండిపోయింది. గాడి లేని స్క్రూలు మరి, తొలిచి తీయడం తప్ప దారి లేదు. ఒక్కోటి అరగంట పట్టింది. డ్రిల్లు జారి రెండుసార్లు వేలు తెగింది. నాలుగోది ఊడేటప్పుడు గడియ కాలి మీద పడకుండా తల్లి రెండు చేతులతో పట్టుకుంది. చెక్కలో నాలుగు బొక్కలు మిగిలాయి.

ఆమె గడియను కింద పెట్టి, తలుపు తడుముకుంటూ గదిలోకి వెళ్ళింది. మంచం మీద కూర్చుంది. "తలుపు దగ్గరగా వెయ్యి," అంది.

"ఎందుకమ్మా?"

"వెయ్యిరా."

వేశాడు. కాసేపటికి లోపలి నుంచి ఆమె పిలిచింది, గట్టిగా కూడా కాదు. "పెద్దోడా." అతను ఉలిక్కిపడి తలుపు తోశాడు. ఆమె అలాగే కూర్చుని ఉంది.

"వినపడిందా?"

"వినపడిందమ్మా."

"అంతా వినపడుతుందన్నమాట," అంది ఆమె. "కిందకు కూడా వినపడుతుందా?"

అతనికి జవాబు చెప్పాల్సిన పని లేకపోయింది. మెట్ల కింద ఇస్త్రీపెట్టె దించిన చప్పుడైంది, అడుగుల చప్పుడైంది. ఇస్త్రీ ఆమె సగం మెట్లెక్కి ఆగి పైకి చూసింది.

"ఎవరో పిలిచారు," అంది. "ఏమన్నా అయిందా? పైకి రానా?"